గవ్వలపాళెంలో పోలయ్య చోటు

మా బావ పేరు చంద్రశేఖర్. శివుడి తలమీద చంద్రుడుంటాడు, మా బావ తలమీద శంక ఉంటుంది. అందుకని నేను ఆయన్ని శంకశేఖర్ అంటాను. పాలు పల్చగా ఉంటే అందరూ అనుమానిస్తారు. చిక్కగా ఉంటే అనుమానించేది మా బావ ఒక్కడే. "ఇంత చిక్కగా ఎందుకు పోసినాడప్పా? వీడికేం గావాల మననుంచి?" అంటాడు.

ఆయనకు బెంగళూరు కాడుగోడిలో ముప్పై-నలభై అడుగుల ఇంటి సైటు ఒకటుంది. కన్నడంలో కాడు అంటే అడవి. అడవి ఎప్పుడో పోయి ఊరంతా గోడలే మిగిలాయి. గోడ లేని చోటు ఇప్పుడు మా బావ సైటు ఒక్కటే. వయసులో తోటివాళ్ళంతా అమ్మాయిలకు సైటు కొడుతుంటే ఈయన సైటుకే సైటు కొట్టాడు. ఆనక కళ్ళకు సైటొచ్చింది గానీ, సైటు మీదినుంచి కళ్ళు మాత్రం రాలేదు. నోట్లో పన్ను ఊడినా సైటు పన్ను ఆపలేదు. ఫ్యాక్టరీలో రిటైరయ్యాక రోజూ వాకింగ్ పేరుతో వెళ్ళి నాలుగు మూలలూ నాలుగు మూలల్లోనే ఉన్నాయా అని చూసి వస్తాడు.

నవ్వకండి. బెంగళూరులో ఖాళీ సైటు ఉన్నవాడికి ఆ భయం ఉంటుంది. ముందు ఎవరో ఇసుక పోస్తారు. ఇసుకకు కాపలా అని రేకుల షెడ్డు లేస్తుంది. షెడ్డుకు కరెంటు మీటరు వస్తుంది. మీటరు పక్కన ఒక దేవుడు వెలుస్తాడు. దేవుడు వెలిశాక దేవుడే దిగొచ్చినా ఖాళీ చేయించలేడు.

ఇలాంటి మా బావ ఒక మనిషిని తనంతట తానే ఆ సైటులో పెట్టుకున్నాడంటే దానికి కారణం పావురాలు.

మా అక్క పద్మావతి ఇంటి బాల్కనీలో పావురాల బెడద ఎక్కువై వల కట్టించింది. కట్టడానికి వచ్చినవాడు పోలయ్య. నెల్లూరు వైపు సముద్రం ఒడ్డున గవ్వలపాళెం అనే చేపలు పట్టే పల్లె వాళ్ళది. వేట నిషేధం నెలల్లో పని వెతుక్కుంటూ వచ్చాడు. ఇంతలో అక్కడ తుఫానుకు పడవ పగిలింది, ఇక్కడ పని దొరికింది, ఉండిపోయాడు. ఊళ్ళో చేపల్ని లోపలికి రమ్మని వల వేసినవాడు, ఇక్కడ పావురాల్ని లోపలికి రావద్దని వల వేస్తున్నాడు. మడివాళలో నాకొక హాస్టలుంది. నేను పీజీ చదవలేదు, పీజీ నడుపుతాను. వలసొచ్చినవాళ్ళతోనే నా బతుకు. అయినా వలతో వలసొచ్చినవాణ్ణి పోలయ్య ఒక్కణ్ణే చూశాను.

"సైటు ఖాళీగానే ఉండాది గదా. మీరు సామాన్లకని వేసిన రేకుల గదిలో ఉంటాడు, వలలు పరుచుకుంటాడు, కాపలా కాస్తాడు" అంది అక్క. బావ చాలా రోజులు ఆలోచించి ఒప్పుకున్నాడు. జీతం లేని కాపలా, అద్దె లేని కాపురం. పైకి ఇద్దరికీ లాభమే.

ఒప్పుకున్న మర్నాటినుంచీ అనుమానం మొదలైంది.

"ఈ గుంజలెందుకు నాటినావప్పా?" అని అడిగాడట బావ.

"వల సాగదీసి కట్టాల గదా సామీ. గుంజ లేకుండా వల యాడ నిలబడతాది?"

"నాలుగు మూలలకే ఎందుకు నాటినావు?"

"నాలుగే మూలలుండాయి సామీ."

ఈ జవాబును బావ ఇంటికి తీసుకెళ్ళి బాగా నెమరేశాడు. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. దొరకకపోవడమే తప్పనిపించింది. ఆ వారంలోనే మిగిలిన నీలం వల ముక్కలు గుంజల చుట్టూ కంచెలా వచ్చాయి. కుక్కలు రాకుండా అన్నాడు పోలయ్య. ఆ తరువాత నాకు ఫోనొచ్చింది.

"దేవుడొచ్చేసినాడప్పా!"

"ఎక్కడ బావా? దర్శనమైందా?"

"సుమ్నే, ఊరికే ఉండప్పా, నీ ఎకసెక్కాలు! సైటులో వచ్చినాడు. గుంజ కింద ఒక రాయికి పసుపు పూసి పెట్టినాడు. గంగమ్మంట. వల ముట్టే ముందు మొక్కకపోతే చెయ్యి ఆడదంట."

"పాపం, భక్తి."

"భక్తి కాదు, యుక్తి! గుంజలైనాయి, కంచె అయింది, దేవుడూ అయినాడు. ఇంక కరెంటు మీటరే బాకీ!"

నా మాటల జబ్బు మెల్లగా ఆయనకూ అంటుకుందని నేను సంతోషిస్తుండగా అసలు సంగతి చెప్పాడు. ఆ పొద్దున పోలయ్య సైటు నడిమధ్య నిలబడి, చేతులు రెండూ చాచి, దారిన పోయేవాడితో ఫోటో తీయించుకున్నాడు. "చేతులెందుకు చాపినాడు చెప్పు? ఇదంతా నాదే అని గదా? ఆదివారం నువ్వు రా. వాణ్ణి ఖాళీ చేయించాల. నేనొక్కణ్ణే పోతే వాడి చేతిలో చేపల కత్తి ఉంటాది."

ఆదివారం వెళ్ళాను. పోలయ్య వైట్‌ఫీల్డు వైపు ఏదో అపార్టుమెంటుకు వల కట్టడానికి పోయాడు. మేమిద్దరం సైటుకు ఎదురుగా టీ బంకు దగ్గర కూర్చుని, అతనొచ్చాక ఎలా మొదలుపెట్టాలా అని అనుకుంటున్నాం. అప్పుడు వచ్చారు వాళ్ళు.

ఒక ముసలాయన, ఒక ముసలామె. ఆయన తెల్ల పంచె, భుజాన తువ్వాలు. ఆమె ఎండకు కమిలిన మనిషి, ముక్కుకు రెండువైపులా పుడకలు. ఆమె కంచె ఎత్తి లోపలికి పోయి, ఈ గుంజనుంచి ఆ గుంజదాకా అడుగులతో కొలిచింది. ఆయన ఫోను తీసి గుంజల్ని, రేకుల గదిని, పసుపురాయిని వరసగా ఫోటోలు తీశాడు.

మా బావ టీ గ్లాసు బల్లమీద పెట్టేశాడు. "చూస్తాండావా? కొలతలు! ఫోటోలు! ముసలోళ్ళను పంపితే ఎవరూ అనుమానించరని పంపినారు."

"నువ్వు అనుమానించావుగా బావా."

"నన్ను లెక్కలో ఏసుకోలేదు, అదే వాళ్ళు చేసిన తప్పు" అని లేచాడు.

ముసలాయన మర్యాదగానే అడిగాడు. "ఈ జాగా ఎవరిదయ్యా?"

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా పాత బెంగళూరోళ్ళకు ఒక అలవాటుంది. ఖాళీ సైటు దగ్గర తెలియని మనిషి ఆ ప్రశ్న వేస్తే నాది అనకూడదు. షుగరున్న రిటైరైన మనిషిదని తెలిస్తే రేపే బోర్డు పాతేస్తారు. అక్కడే ఉంటున్న మొరటు మనిషి ఎవడో ఒకడి పేరు చెప్పాలి. మా బావ ఊపిరి తీసుకున్నంతసేపట్లో చెప్పేశాడు.

"పోలయ్యని ఒకాయనది. సొంతం. కొనుక్కున్నాడు. చానా గట్టోడు."

ముసలామె మొహం బిగుసుకుంది. "కొనుక్కున్నాడా? కాగితాలైపోయినాయా?"

"రిజిస్ట్రీ కూడా అయింది. సాక్షి సంతకం నాదే."

నేనెందుకు ఊరుకుంటాను? "ఆయన వలలో పడితే మళ్ళీ బయటికి రారమ్మా" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె "ఇంకేముండాది, పోదాం పా" అంది. ఇద్దరూ వీధి చివరిదాకా వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు.

"ముఖాలు ఎట్లా మాడిపోయినాయో చూసినావా!" అన్నాడు బావ. ఇంకో టీ చెప్పాడు. పోలయ్యను ఖాళీ చేయించే సంగతి ఆ పూటకు వాయిదా వేశాడు. "గట్టోడని చెప్పినాం గదా. ఒక నెల ఉండనీ."

మధ్యాహ్నం పోలయ్య పరిగెత్తుకుంటూ అక్కవాళ్ళింటికొచ్చాడు. చేతిలో ఫోనుంది. ఫోనులో వాళ్ళావిడ ఏడుపుంది.

"సామీ, నేను బెంగళూరులో జాగా కొన్నానని మా పెద్దోళ్ళకు ఎవరు చెప్పినారు సామీ?"

బావ కుర్చీలో నెమ్మదిగా కూర్చున్నాడు. అప్పుడు పోలయ్య చెప్పింది విన్నాం.

గవ్వలపాళెంలో ఇసుకకు పట్టా లేదు. ఇల్లు వేసుకున్న చోటు, పడవ లాక్కొచ్చి నిలిపే చోటు ఊరివి. ఊళ్ళో ఉన్నవాడికి, కూలికి వేరే ఊరు పోయినా మళ్ళీ వచ్చేవాడికి ఆ చోటు ఉంటుంది. బయట ఎక్కడైనా సొంత నేల కొనుక్కున్నాడంటే మాత్రం ఒడ్డు వదిలేసినట్టే. చోటు ఊరికి పోతుంది, ఊరు దాన్ని చోటులేని ఇంకొకరికి ఇస్తుంది. ఈ ఏడు సముద్రం ముందుకొచ్చి మొదటి వరస ఇళ్ళను తినేసింది. ఆ ఇళ్ళవాళ్ళు చుట్టాల అరుగుల మీద పడుకుంటూ చోటుకోసం చూస్తున్నారు. సరిగ్గా అప్పుడే పోలయ్య తన ఫోటో ఇంటికి పంపాడు, చేతులు చాపి, చుట్టూ వల కంచెతో, ఎంత పెద్ద చోటు దొరికిందో చూడమని. వాళ్ళావిడ మురిసిపోయి ఊరంతా చూపించింది. ఊరు అనుమానపడింది. నిజమేదో చూసి రమ్మని ఇద్దరు పెద్దల్ని పంపింది. ఆయన గోవిందస్వామి, ఆమె కావేరమ్మ. పొద్దున మా దగ్గర విన్నది వాళ్ళు ఫోనులో ఊరికి చెప్పేశారు.

"మూణ్ణాలుగు రోజుల్లో ఇల్లు ఖాళీ చెయ్యమంటారంట. ఆడది ఒక్కతే ఉండాది సామీ. యాడికి పోతాది?"

మా ఊళ్ళో దరఖాస్తు పోయినా ఇంకొకటి పెట్టుకోవచ్చు. వాళ్ళకు దరి పోతే దరిద్రమే. ఈ మాట నా నాలుకమీదికి వచ్చింది గానీ అక్క మొహం చూసి మింగేశాను.

"నేను చెప్పినా" అన్నాడు బావ.

అక్క బీరువా తెరిచి సైటు ఫైలు తీసి బావ ఒళ్ళో వేసింది. "పోండి. ఆ పెద్దోళ్ళు రైలు కోసం స్టేషన్లో ఉంటారు."

ఆటోలో ముగ్గురం ఇరుక్కుని పోయాం. వాళ్ళు ప్లాట్‌ఫాం చివర సిమెంటు బెంచీ మీద కూర్చుని అరటిపండ్లు తింటున్నారు. ఏళ్ళుగా కాడుగోడికి కావేరి నీళ్ళు వస్తాయని చెబుతున్నారు, చివరికి వచ్చింది కావేరమ్మ. నేను ఆ మాటే అన్నాను, వాతావరణం తేలికపడుతుందని. ఆమె అరటితొక్క కింద పెట్టింది.

"పొద్దున వలలో పడితే బయటికి రారని చెప్పినోడివి నువ్వే గదా అబ్బయా? నీ నోరు ఊరకుండదా?"

ఊరకుంది. చాలాసేపు.

బావ ఫైలు విప్పాడు. క్రయపత్రం, కార్పొరేషన్ ఖాతా, పన్ను రశీదులు, సైటు మీద అప్పుల్లేవని చెప్పే ఈసీ. ఈసీ అని పేరే గానీ అంత ఈజీగా వచ్చేది కాదు, దానికోసం ఆయన తిరిగిన తిరుగుడు నాకు తెలుసు. "చూడండమ్మా. అన్నీ నా పేరుమీదే ఉండాయి. పోలయ్య ఏమీ కొనలేదు. నేను పొద్దున అబద్ధం చెప్పినా."

గోవిందస్వామి ఒక్కో కాగితం తిరగేసి చూసి జాగ్రత్తగా మళ్ళీ ఇచ్చేశాడు. "మాకు చదువు రాదయ్యా. వచ్చినా, ఈ ఊళ్ళో కాగితాలు అడిగినట్టు పుట్టిస్తారని మీరే అనుకుంటుంటారు గదా."

అది నిజం. మా బావ రోజూ అనేమాటే.

"ఎందుకు అబద్ధం చెప్పినావు?" అంది కావేరమ్మ.

"మీరు సైటు కొట్టేసేదానికి వచ్చినారనుకున్నా."

"దొంగలమనుకున్నప్పుడు ఒక మాట చెప్పినావు. ఇప్పుడు ఇంకో మాట చెప్తుండావు. ఇప్పుడు మమ్మల్ని ఏమనుకుంటుండావు?"

బావ కాగితాలు ఫైల్లో సర్దుకోసాగాడు. నాకు ఆయన సంగతి తెలుసు. ఆయన ఇంకా అనుమానపడుతూనే ఉన్నాడు.

పోలయ్య ముందుకొచ్చి "పెద్దమ్మా, గంగమ్మ సాక్షి..." అన్నాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"నిన్ను అడగలేదు. అద్దె కడుతుండావా ఆడ?"

"లేదు పెద్దమ్మా."

"అద్దె కట్టని ఇల్లు సొంతిల్లు గాక ఏంది?" బావ వైపు తిరిగింది. "అబ్బయా, ఒక మాట. నేల నీదే అయితే, వాణ్ణి లేవమని చెప్పే హక్కు నీకుంటాది. మా ముందర చెప్పు. గుంజలు పీకి, వల చుట్టుకొని, ఇప్పుడే పొమ్మని చెప్పు. వాడు లేచి పోతే మేము చూసింది ఊరికి చెప్తాం. రైలు పోతే పోనీ."

నేను "ఓ, ఇంతేనా!" అనబోయాను. బావ నా చెయ్యి పట్టి పక్కకు లాక్కెళ్ళాడు.

"అర్థమైందా నీకు? కాపలావాణ్ణి నా నోటితోనే తీసేయమంటాండారు! వాడు పోతానే సైటు బోడిగా ఉంటాది. అప్పుడు దించుతారు వాళ్ళ మనుషుల్ని. ఈ ఏడుపు, ఈ ఫోను, ఈ పోలయ్య, అంతా ఒకటే ముఠా అయితే?"

"బావా, సైటు కోసం సముద్రాన్ని కూడా ముఠాలో చేర్చావు."

"నవ్వద్దప్పా. నాకుండేది అదొక్కటే."

అప్పుడు నాకు నిజంగా నవ్వు రాలేదు. ఆయనకూ ఉన్నది ఒక్కటే, ఆ బెంచీ పక్కన నిలబడి మా వైపే చూస్తున్న మనిషికీ ఉన్నది ఒక్కటే.

బావ వెనక్కి వెళ్ళి సూటిగా అడిగేశాడు. "నేను ఖాళీ చేయించినాక మీరు వేరేవాళ్ళను తెచ్చి దించరని నాకేం గ్యారంటీ ఉండాదమ్మా?"

"ఏమీ లేదు" అంది ఆమె. "నువ్వు రేపు మళ్ళీ ఇంకో మాట మార్చవని మాకేం గ్యారంటీ ఉండాది? నీ నేల కదలదు అబ్బయా. వేసిన చోటే ఉంటాది, దాన్ని కాగితంలో రాయొచ్చు. మా నేల కదులుతాది. సముద్రం ముందుకొస్తే మేం వెనక్కి జరగతాం. పోయినేడు వాకిలుండిన చోట ఈ ఏడు అల ఉండాది. దానికి కాగితం ఎవరు రాస్తారు? నలుగురి ముందర చెప్పిన మాటే మాకు ఉండేది. ఆ మాట పొద్దున నువ్వు చెప్పేసినావు."

రైలు వచ్చింది. వాళ్ళు ఎక్కలేదు. రైలు పోయింది.

అందరం సైటుకు వచ్చాం. బావ కంచె బయట నిలబడ్డాడు. పోలయ్య గుంజ మీద చెయ్యి వేశాడు. "నువ్వు కాదు. ఆయన చెప్పాల" అంది కావేరమ్మ. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు. మా బావకు జీవితంలో ఇష్టంలేనివి రెండు: సైటు దగ్గర జనం ఆగడం, జనం ఆగినప్పుడు మాట్లాడటం. గొంతు సవరించుకున్నాడు.

"పోలయ్యా, ఇది నా సైటు. ఖాళీ చెయ్యప్పా."

పోలయ్య నాలుగు గుంజలూ గుంజేశాడు. వల చుట్టాడు. పసుపురాయిని కావేరమ్మ తన కొంగులో కట్టుకుంది, ఊరికి తీసుకుపోతానని. సామానంటే ఒక సంచీ, ఒక స్టవ్వు. కాసేపట్లో రేకుల గది తప్ప అది మళ్ళీ ఉత్త సైటయింది. గోవిందస్వామి దాన్ని నాలుగు వైపులనుంచీ ఫోటోలు తీశాడు. ఒక్కో ఫోటోకూ మా బావ కళ్ళు మూసుకున్నాడు, సూదిమందు వేయించుకునేవాడిలా.

ఆ సాయంత్రం పోలయ్య ఎక్కడ పడుకోవాలన్న ప్రశ్న వచ్చింది. మేడమీద గది ఉందిగా అంది అక్క. కావేరమ్మ వెంటనే "అద్దె తీసుకోవాల. ఊరకే ఇచ్చినావంటే మళ్ళీ మొదటికొస్తాది" అంది. అద్దె వద్దనే ఇంటివాడికి అద్దె అంటగట్టిన మనిషిని బెంగళూరులో నేను మొదటిసారి చూశాను. బావ తలూపాడు. ఊపుతూనే నా చెవిలో "మేడమీది గదికి బయటినుంచి గడియ పెట్టొచ్చా?" అని అడిగాడు. అక్క వింది. అది వేరే కథ.

పెద్దలు రాత్రి రైలుకు వెళ్ళిపోయారు. ఆ తరువాత రెండు రోజులు బావ ఒక కుర్చీ తీసుకెళ్ళి సైటులో వేసుకుని గొడుగు పట్టుకుని కూర్చున్నాడు. దారినపోయే ప్రతి బండి నంబరూ గట్టిగా చదివేవాడు, వాళ్ళకు వినపడేట్టు.

మూడోరోజు సాయంత్రం ఊరు కూడిందని ఫోనొచ్చింది. పొద్దున ఒక మాట, మధ్యాహ్నం ఒక మాట చెప్పిన మనిషి ఏ మాటమీద నిలబడతాడో ఊరు వినాలంది. పోలయ్య ఫోను స్పీకరులో పెట్టి బల్లమీద ఉంచాడు. అక్క తలుపు దగ్గర నిలబడింది. నోరెత్తనని నాచేత ముందే ఒట్టు పెట్టించుకున్నారు.

ఫోన్లోంచి ముందు హోరు వచ్చింది. దాని వెనక చాలామంది గుసగుసలు. చోటుకోసం చూస్తున్నవాళ్ళూ అందులో ఉన్నారని పోలయ్య మెల్లగా చెప్పాడు. తరువాత గోవిందస్వామి గొంతు: "చెప్పయ్యా. కాడుగోడి జాగా ఎవరిది?"

తెలియని మనుషులు, ఎంతమందో కూడా తెలియదు, మా బావను ఆయన జీవితమంతా భయపెట్టిన ప్రశ్న అడుగుతున్నారు. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"నాది. నా పేరు చంద్రశేఖర్. ఆ సైటులో ఇప్పుడు ఎవరూ లేరు. పోలయ్య ఈ ఊళ్ళో ఏమీ కొనలేదు. మీరు దొంగలనుకొని నేను అబద్ధం చెప్పినా. తప్పు నాది, వాడిది కాదు."

హోరు. ఎవరో ఆడమనిషి ఏదో గట్టిగా అడిగింది, కావేరమ్మ అంతకన్నా గట్టిగా జవాబిచ్చింది, మాకు అర్థం కాలేదు. మళ్ళీ హోరు. పోలయ్య రెండు చేతులూ మోకాళ్ళమధ్య పెట్టుకుని ఫోనునే చూస్తున్నాడు.

చివరికి గోవిందస్వామి అన్నాడు. "ఊరు వినింది. పోలయ్య చోటు పోలయ్యదే. వేట మొదలైనాక వచ్చి పడవ సంగతి చూసుకోమనండి."

వెనక వాళ్ళావిడ గొంతు వినపడింది, ఈసారి ఏడుపు కాదు, తిట్టు. అంత పెద్దగా చేతులు చాపి ఫోటో పంపిన మొగుణ్ణి తిడుతోంది. పోలయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

మా బావ మాత్రం తల ఒక పక్కకు వంచి ఫోనుకు చెవి ఆనించి వింటున్నాడు. చాలాసేపు విన్నాడు. తరువాత నాకు మాత్రమే వినపడేట్టు అన్నాడు.

"ఈ హోరు సముద్రమేనంటావా? ఫోను దగ్గర ఫ్యాను పెట్టినా ఇట్లానే వస్తాది."

నాకు మాత్రమే అనుకున్నాడు గానీ పోలయ్యకూ వినపడింది. అతను ఫోను చేతిలోకి తీసుకుని బావ చెవికి ఇంకొంచెం దగ్గరగా పెట్టాడు.

"సముద్రమే సామీ. మా ఇంటి ముందరిది."